నుదుటి మీద చెయ్యి

"ఊ" అను, తల మాత్రం ఊపకు. ఆ పొద్దున హన్నమ్మ అప్పటికే వరసలో సగం మందికి ఈ మాట చెప్పింది. వేసవి సెలవులు కావడంతో మాచర్లలో ఓ హైస్కూలు గదుల్లోంచి బెంచీలు వరండాలోకి గెంటేసి, చాపలు పరిచి, కళ్ళకు కట్లు కట్టిన ముసలాళ్ళను పడుకోబెట్టారు. ఒక్కొక్కరి తలకీ రెండు పక్కలా ఇసుక సంచులు. పొర తీసిన కన్ను తల కదిలితే చెడిపోతుందని డాక్టర్లు ఒకటికి రెండుసార్లు చెప్పారు. చెబితే మాత్రం? తల ఊపకుండా మాట వినే మనిషి పల్నాడులో ఎక్కడున్నాడు? జావ తాగుతావా అంటే ఊపుతారు, వద్దా అంటే ఊపుతారు, పక్క చాప మీద ఎవరో తమ కోడలి సంగతి చెప్పుకుంటుంటే దానికీ ఊపుతారు.

అందుకని హన్నమ్మ తనదైన పద్ధతి ఒకటి పెట్టుకుంది. ఎవరితో మాట్లాడాలన్నా ముందు వాళ్ళ తల దగ్గర గొంతుక్కూర్చుని, అరచెయ్యి నుదుటి మీద ఆనించి, అప్పుడు నోరు విప్పేది. ఆ చెయ్యి రాళ్ళు కొట్టి కొట్టి వెడల్పయిన చెయ్యి. దాని కింద తల కదలమన్నా కదలదు.

మనిషి మాత్రం పొట్టి. నలభై దాటిన ఒళ్ళు, వెడల్పాటి భుజాలు, ముందుకు వంగి తట్ట మోస్తున్నట్టు నడిచే నడక. గొంతు పెద్దది. కట్టు విప్పిన రోజున రోగి కంటికి మొదట కనపడే మొహం తనదే కావాలని ఆమెకి పంతం. డాక్టరు గాజుగుడ్డ తీస్తుంటే భుజం మీదుగా మొహం ముందుకు పెట్టేసేది. చూసినవాళ్ళు ముందు ఏడ్చేవాళ్ళు, తరవాత "ఏందే, ఇంత పొట్టిదానివా నువ్వు!" అని నవ్వేవాళ్ళు. ఆ మాట కోసమే ఆమె ఏ క్యాంపూ మానలేదు.

ఆమె అక్కడ నర్సు కాదు, జీతగత్తె కూడా కాదు. ట్రైనింగు. ఎవరడిగినా ఆ మాటే గొప్పగా చెప్పేది. ఈ కళ్ళ క్యాంపులు పెట్టే సంఘం ఆషామాషీది కాదు మరి. గుంటూరులో మూడంతస్తుల ఆస్పత్రి, నీలం రంగు జీపులు, పై దేశాల నుంచి వచ్చే మందుల పెట్టెలు. అంత పెద్ద ధర్మసంస్థలో ఆరు నెలలు జీతం లేకుండా పని నేర్చుకుంటే, ఖాళీని బట్టి ఆయాగా తీసుకుంటామన్నారు. హన్నమ్మకి ఆ ఆరు నెలలూ అయిపోయి రెండు ఎండాకాలాలు గడిచాయి. ఖాళీ వచ్చినప్పుడల్లా పది చదివిన పిల్ల ఎవరో ఒకరు వచ్చి అందులో కూర్చునేది. ఇంకొకరైతే మీకూ మీ ట్రైనింగుకూ ఓ దణ్ణం అని ఎప్పుడో వెళ్ళిపోయేవాళ్ళు. క్యాంపులు లేని రోజుల్లో మిరపకోతలకు పోయి కడుపు నింపుకుంటూ, క్యాంపు అనగానే మూట కట్టుకుని వచ్చేసేది హన్నమ్మ. ఊరికే చాకిరీ చేయించుకుంటుంటే మురిసిపోతావేందే అని వాళ్ళన్న బాలశౌరి తిట్టేవాడు. తనకంటే ఈ పని బాగా చేసేవాళ్ళు ఆమెకి ఇంతవరకు కనపడలేదు. అలాంటప్పుడు ఇవాళ కాకపోతే రేపు తనకి ఇవ్వక ఎవరికిస్తారు? అందులో ఆమెకి అనుమానమే లేదు.

గురజాల పక్కన రాతి క్వారీలో ఆమె, ఆమె మొగుడు ఐజాక్ కలిసి రాళ్ళు కొట్టారు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి ఐజాక్ దగ్గి దగ్గి పోయాడు. పిల్లల్లేరు. ముసలి అత్తని ఓసారి కళ్ళ క్యాంపుకి తీసుకొచ్చింది. అత్తకి నీళ్ళు పట్టిస్తుంటే పక్కనామె అడిగింది, ఆ పక్కనామె అడిగింది. తెల్లారేసరికి గది మొత్తం హన్నమ్మా హన్నమ్మా అని పిలుస్తోంది. అది చూసే క్యాంపు నడిపే సిస్టరమ్మ ట్రైనింగుకి వస్తావా అని అడిగింది. ఇన్నేళ్ళ బతుకులో తనని ఎవరైనా ఒక పనికి రమ్మని అడగడం అదే మొదలు. క్వారీలో ఎవరూ అడగలేదు, తట్ట చేతికిచ్చారంతే.

మాచర్ల క్యాంపులో ఆ రోజు సంగతి వేరు. సాయంత్రం సంఘం ప్రెసిడెంటు శ్రీమన్నారాయణ గారు గుంటూరు నుంచి వస్తున్నారు. ఆయా ఖాళీ ఒక్కటే. హన్నమ్మకివ్వమని సిస్టరమ్మ గట్టిగా పట్టుబట్టింది. చదువు లేదు, వయసు మీరింది, మనిషిని చూసి మాట్లాడితే గానీ చెప్పలేనన్నారాయన. ఆయాలు కట్టే ఆకుపచ్చ అంచు తెల్లచీర ఒకటి కాగితంలో చుట్టి అప్పటికే ఆఫీసు గదిలో పెట్టారు. ఆ పనికి పోటీలో ఉన్న రెండో మనిషి సుందరి. పదోక్లాసు చదివింది, పద్దెనిమిదేళ్ళది, మంచి పిల్ల. ఈ ఏడు దక్కకపోతే వచ్చే ఏటికి సంఘం ఆయాలకి వయసు పరిమితి పెడుతుందని కూడా సిస్టరమ్మ చెప్పింది. అంటే ఇదే ఆఖరు. హన్నమ్మ పొద్దున్నే తలకి నూనె రాసి, జుట్టు బిగించి ముడేసుకుంది. చూడనీ, చూస్తే ఇవ్వకేం చేస్తాడు అనుకుంది.

మధ్యాహ్నానికి ఆఖరి ఆపరేషను కూడా అయిపోయి, పనిముట్లన్నీ ఉడకబెట్టి పెట్టెల్లో సర్దేశారు. జీపు డ్రైవరు జాన్ సాహెబ్ వాటిని ఆస్పత్రి వ్యానుకెక్కించి పంపించాడు. హన్నమ్మ గరిటెతో జావ పట్టిస్తూ వరస చివర మల్లమ్మ దగ్గరకొచ్చింది.

మల్లమ్మది బెల్లంకొండ దగ్గర పల్లె. ఎడమ కంట్లో ఎవరో ఆకు పసరు పోసి ఎప్పుడో ఆర్పేశారు. మిగిలిన కుడి కంటికి నిన్ననే ఆపరేషను అయింది. ఉన్నది ఆ ఒక్క కన్నే. పక్కింటోళ్ళు తన మేకల్ని కలిపేసుకుంటున్నారనీ, చూపొస్తే ముందు వాటిని తేల్చుకోవాలనీ ఆమె గోల. మనిషి మహా మర్యాదస్తురాలు. బూట్ల చప్పుడైతే చాలు, డాక్టరేమోనని చేతులు జోడించి లేవబోయేది. పడుకుని పెట్టినా దణ్ణం చెల్లుద్ది పెద్దమ్మా అని హన్నమ్మ పొద్దుటి నుంచీ చప్పుడైనప్పుడల్లా వచ్చి ఆమె నుదురు అదిమి పట్టుకుంటోంది. నడుం పీకేస్తోందని మల్లమ్మ గొణిగింది. రేపటిదాకా ఓర్చుకో, నీ మేకల్ని నేనే తోలుకొస్తా అని హన్నమ్మ అంది.

ఎండ పెంకుల మీద నుంచి దిగుతుండగా బయట జీపు హారను మోగింది. అందరూ సర్దుకున్నారు. హన్నమ్మ మల్లమ్మ తల దగ్గర, నుదుటి మీద చెయ్యి ఆనించి కూర్చుంది. శ్రీమన్నారాయణ గారు గడపలోకొచ్చారు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా. ఆయన వెనక సిస్టరమ్మ. ఆమె కళ్ళతోనే హన్నమ్మని చూపించింది, ఈమేనండీ అన్నట్టు.

గదిలో ఉన్న మనుషులంతా లేచి నిలబడ్డారు. హన్నమ్మా లేచింది. మేస్త్రీ వస్తే లేచింది, క్వారీ యజమాని వస్తే లేచింది, ఫాదరు గారొస్తే లేచింది. పెద్దమనిషి గుమ్మంలోకొచ్చాక కూర్చుని ఉండటం ఆ ఒంటికి తెలియదు. రెండు చేతులూ జోడించి, నిండుగా దణ్ణం పెట్టింది.

నుదుటి మీద బరువు తేలికపడేసరికి మల్లమ్మ, "ఎవురే, పెద్దాయనా?" అంటూ రెండు చేతులూ జోడించి నడుం దాకా లేచి కూర్చుంది.

హన్నమ్మ కిందకి చూసేసరికి కట్టు మీద ఎర్రటి మరక తేలుతోంది. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నుదుటి మీద వేసి, మెల్లగా పడుకోబెట్టింది. డాక్టరు వచ్చి కట్టు కొంచెం ఎత్తి టార్చి వేసి చూశాడు. కుట్టు వదిలిందనీ, ఇప్పుడే మళ్ళీ వేస్తే కన్ను దక్కొచ్చనీ, కానీ పనిముట్లు వెళ్ళిపోయాయి గనక గుంటూరు తీసుకుపోవాలనీ చెప్పాడు. దారి పొడుగునా తల ఇసుమంత కూడా కదలకూడదన్నాడు. ఇన్నిసార్లు చెప్పినా లేస్తారేంటమ్మా అని మల్లమ్మని విసుక్కున్నాడు.

"ఆమెదేం లేదండీ. చెయ్యి నేనే తీశాను," అంది హన్నమ్మ.

ప్రెసిడెంటు గారు గడియారం చూసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. జాన్ సాహెబ్ జీపు వెనక్కి తిప్పి పరుపు పరిచాడు. సిస్టరమ్మ హన్నమ్మ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. జరిగిందేదో జరిగింది, తను సర్దిచెబుతానంది. సుందరి జీపులో వెళ్తుంది, నువ్వు ఆయనకి కనపడి నాలుగు మాటలు మాట్లాడు, ఆయన పొద్దుగుంకే లోపల వెళ్ళిపోతారు, ఇది పోతే ఇక రాదు అని చెవిలో పోరింది.

హన్నమ్మ ఆఫీసు గది వైపు ఒకసారి చూసింది. ఆశ లేదని కాదు. ఆ చీర కట్టుకుని బాలశౌరి ఇంటి ముందు నడవాలని ఎన్నిసార్లనుకుందో ఆమెకే తెలుసు.

"సుందరి చెయ్యి చిన్నదమ్మా," అంది. "రోడ్డు అసలే బాగలేదు."

నలుగురు చాపతో సహా మల్లమ్మని ఎత్తారు. తల దగ్గర హన్నమ్మ రెండు చేతులూ తియ్యకుండానే వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ గడప దాటింది, వరండా దాటింది, పగటి ఎండకి ఇంకా కాలుతున్న ఇసుకలో వట్టికాళ్ళతో నడిచి జీపెక్కింది. తలని ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతులతో అదిమి పట్టుకుంది.

"పెద్దాయనకి దణ్ణం అందిందా?" అని అడిగింది మల్లమ్మ.

"అందింది. ఊ అను, తల ఊపకు. నీ కట్టు విప్పేటప్పుడు ముందు కనపడేది నేనే. పొట్టిగా ఉంటా, చూసుకో."

"ఊ," అంది మల్లమ్మ. తల కదల్లేదు. నిదానంగా పోనీయమని హన్నమ్మ జాన్ సాహెబ్‌కి చెప్పింది. జీపు గేటు దాటి గుంటూరు రోడ్డెక్కింది.

ఆఫీసు గదిలో శ్రీమన్నారాయణ గారు హన్నమ్మ పేరు రెండుసార్లు పిలిపించారు. తరవాత సుందరిని పిలిచారు. ఆ పిల్ల చీర తీసుకుని, ఏడుపుమొహంతోనే దణ్ణం పెట్టింది. పొద్దు గుంకింది. ఆయన జీపు వెళ్ళిపోయింది. చూడవచ్చిన చుట్టాలు వార్డు బయట ఎవరి చెప్పులు వాళ్ళు వెతికి తొడుక్కుని పోయారు. ఊడ్చే మనిషి వరండా అంతా ఊడ్చుకుంటూ గడప దాకా వచ్చి, అక్కడ చీపురు పక్కకి తిప్పుకుని పోయింది. మడమల దగ్గర అరిగిపోయిన టైరు చెప్పుల జత ఒకటి, వార్డు వైపు మొహం పెట్టి, అక్కడే ఉంది.