ఆరో నంబరు కొక్కెం

మైదానంలో అతన్ని అందరూ గోడ అనేవాళ్ళు. పద్నాలుగేళ్ళు ఒకే ఫుట్‌బాల్ క్లబ్బుకు డిఫెండరుగా ఆడాడు, అందులో తొమ్మిదేళ్ళు కెప్టెన్. ముక్కు రెండుసార్లు పగిలింది. మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. కింది వరసలో మూడు పళ్ళు పెట్టుడువి. ఇప్పుడు నలభై ఆరేళ్ళ వయసులో ఇంకో క్లబ్బుకు మేనేజరు. జుట్టు పలచబడింది, పొట్ట కాస్త ముందుకొచ్చింది. కసి మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

ఆ కసంతా ఒక్క మనిషి మీదే, పాత క్లబ్బు మేనేజరు మీద. ఆయనకు ఆటగాళ్ళు నవ్వుల సారు అని పేరు పెట్టుకున్నారు. జట్టు గెలిచినా నవ్వే, ఓడినా నవ్వే, మనిషి గొంతు కోస్తున్నప్పుడు కూడా అదే నవ్వు.

గొంతు కోయడానికి ఆయనకొక పద్ధతి ఉంది. జట్టులోంచి తీసేసినవాడికి తీసేశానని తన నోటితో చెప్పడు. మ్యాచ్ రోజు ఉదయం తొమ్మిదింటికి చిన్న కాగితం మీద నంబర్లు రాసి, జెర్సీలు చూసుకునే బాబాయి చేతిలో పెడతాడు. బాబాయి ఆ నంబర్ల జెర్సీలు ఇస్త్రీ చేసి, డ్రెస్సింగ్ రూంలో ఎవరి కొక్కేనికి వాళ్ళది తగిలిస్తాడు. ఆటగాడు లోపలికొచ్చి తన కొక్కెం చూసుకుంటాడు. జెర్సీ ఉంటే ఆడతాడు, లేకపోతే లేదు. ఎందుకని అడుగుదామన్నా సారు దొరకడు. ఆ సమయానికి టీవీ వాళ్ళ ముందు నవ్వుతూ నిలబడి ఉంటాడు.

పదకొండేళ్ళ క్రితం గోడ ఆడాల్సిన చివరి మ్యాచ్ అది. ఈ సీజన్‌తో మానేస్తున్నానని అతను ముందే చెప్పాడు. మెట్లెక్కలేని తల్లిని ఇద్దరు పట్టుకుని స్టాండులో మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఆమె పక్కన భార్య, భార్య పక్కన ఆరేళ్ళ కూతురు. ఆ ఒక్క మ్యాచ్ కోసం గోడ కొత్త బూట్లు కొనుక్కున్నాడు. డ్రెస్సింగ్ రూం తలుపు తోసి లోపలికొచ్చాడు. అయిదో నంబరు జెర్సీ ఉంది, ఏడో నంబరు జెర్సీ ఉంది. తన ఆరో నంబరు కొక్కెం ఖాళీ. బాబాయి ఓ మూల నిలబడి సాక్సులు మడతపెడుతున్నాడు. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెడుతున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

గోడ వేసుకొచ్చిన బట్టలతోనే వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు. "నాన్నా, నువ్వెప్పుడు ఆడతావు?" అని ఆ పిల్ల మ్యాచ్ అయ్యేలోపు ఏడుసార్లు అడిగింది. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ లెక్క ఈ రోజుకీ మర్చిపోలేదు.

రెండేళ్ళ తర్వాత అతను మూడో డివిజన్‌లో కొట్టుమిట్టాడుతున్న ఓ చిన్న క్లబ్బులో మేనేజరుగా చేరాడు. దుమ్ముకొట్టుకుపోయిన ఆఫీసు గది, వాన పడితే కారే పైకప్పు. తీసేసిన ఆటగాడిని తన గదికి పిలిచి, కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ చెప్పడం అతను పెట్టుకున్న నియమం. కొందరు ఏడ్చారు. ఒకడు కుర్చీ ఎత్తి కొట్టబోయాడు. అయినా నియమం తప్పలేదు. ఎనిమిదేళ్ళలో ఆ క్లబ్బు మొదటి డివిజన్‌కు వచ్చింది. అందరూ అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. మొదటి డివిజన్ అంటే అతనికి ఒకటే అర్థం. ఏడాదిలో రెండుసార్లు నవ్వుల సారు ఎదురుపడతాడు.

మొదటిసారి ఎదురుపడినప్పుడు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాడు. మ్యాచ్ అయ్యాక సారు అతని చెంప మీద చిన్నగా తట్టి, "నేర్చుకుంటావులే" అన్నాడు. కెమెరాలన్నీ చూస్తుండగా తట్టాడు. ఆ చెంప వారం రోజులు మండింది.

రెండోసారి సీజన్ ఆఖరి రోజున వచ్చింది. నవ్వుల సారు జట్టు పట్టికలో అడుగున కొట్టుకుంటోంది. డ్రా చేసుకుంటే బతికిపోతుంది, ఓడితే రెండో డివిజన్‌కు దిగిపోతుంది. దిగితే సారు ఉద్యోగం ఊడుతుందని పేపర్లన్నీ రాశాయి. గోడ జట్టుకు ఈ మ్యాచ్‌తో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. గోడకు మాత్రం ఇంతకంటే పెద్ద మ్యాచ్ జీవితంలో లేదు.

బయల్దేరే రోజు బ్యాగు సర్దుతూ భార్య అంది: "వారం నుంచీ నిద్రలో పళ్ళు నూరుతున్నారు. ఆ పెట్టుడు పళ్ళు కాస్తా ఊడి గొంతులో పడేను."

"ఒక్క ఆదివారం ఓపిక పట్టు. ఆ తర్వాత హాయిగా నిద్రపోతాను."

"అందర్నీ హాయిగా నిద్రపోనిస్తారా, మీరొక్కరేనా?"

అతను బ్యాగు జిప్పు లాగాడు. ఏం చేయబోతున్నాడో అప్పటికే అనుకున్నాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి హోటల్ గదిలో కిటికీ పక్కన నిలబడి బాబాయికి ఫోన్ చేశాడు. బాబాయి చుట్టం కాదు. కానీ పద్నాలుగేళ్ళపాటు అతని బూట్లకు లేసులు మార్చిన మనిషి, తల్లి పోయినప్పుడు అందరికంటే ముందొచ్చిన మనిషి. ఫోన్‌లో ఇస్త్రీ పెట్టె ఆవిరి చప్పుడు వినిపిస్తోంది.

"బాబాయ్, ఇవాళ ఎవరివి తగిలిస్తున్నావు?"

ఇస్త్రీ చప్పుడు ఆగింది. "ఒరేయ్ అబ్బాయ్, అది అడక్కూడదు."

"తెలుసు. అయినా అడుగుతున్నా."

"ఈ కాగితంలో ఏముందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. అసిస్టెంటుక్కూడా ఇంకా చెప్పలేదు. బయటికి పొక్కిందంటే నా ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఇవాళ్టితో సరి."

"ఎలా పొక్కుతుంది? నేను చెప్తానా?"

ఇస్త్రీ పెట్టె మళ్ళీ బుస్సుమంది. తర్వాత బాబాయి గొంతు బొంగురుగా వచ్చింది. "పొడుగోడి జెర్సీ లేదురా. కెప్టెనే కదా వాడు! ఏడాదంతా తలతో గోల్స్ కొట్టి ఈ జట్టును మోశాడు. పెళ్ళాం పిల్లల్ని తీసుకొస్తున్నానని నిన్ననే చెప్పాడు. వాడొచ్చి కొక్కెం చూసుకుంటాడు, నేను మూల నిలబడి సాక్సులు మడతపెట్టాలి. ఒకసారి చేశాను, చాలు. మళ్ళీ నా వల్ల కాదు."

"వాడి బదులు ఎవరు?"

"పదిహేడు. ఎడమ పక్క పరుగెత్తేవాడు. ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా ఆడించలేదు, ఇవాళ్టి కోసమే దాచాడు. ఇక పెట్టెయ్, జెర్సీ మాడుతుంది."

గోడ ఫోన్ జేబులో పెట్టుకుని రెండు చేతులూ రుద్దుకున్నాడు. వారమంతా పొడుగోడిని ఆపడానికే ప్రాక్టీసు చేయించాడు. అదంతా ఒక్క ఫోన్‌తో చెత్తబుట్టలో పడేశాడు. నెమ్మదిగా కదిలే కుడి డిఫెండర్ను గదికి పిలిచి కూర్చోబెట్టి, ఇవాళ నువ్వు ఆడటం లేదని చెప్పాడు. జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేవాడిని ఆ చోటుకు మార్చాడు. తర్వాత అందర్నీ హోటల్ వెనక పార్కింగులోకి తీసుకెళ్ళి, నీళ్ళ సీసాలు వరసగా నిలబెట్టి, పదిహేడో నంబరు ఎటు కదులుతాడో, బంతి లాక్కున్నాక ఎటు కొట్టాలో గంటసేపు నడిపించి చూపించాడు.

సాయంత్రం నాలుగింటికి మ్యాచ్ మొదలైంది. పదిహేడో నంబరు పాపం నిజంగానే గాలిలా పరుగెత్తాడు. కానీ ఎటు తిరిగినా ఎదురుగా మనిషి ఉన్నాడు. హాఫ్ టైంకు అతని మొహం వాడిపోయింది. అరవై ఒకటో నిమిషంలో అతని కాళ్ళ దగ్గర బంతి లాక్కుని, పార్కింగులో నడిచినట్టే మూడు పాసుల్లో అవతలికి చేర్చి, గోడ స్ట్రైకరు గోల్ కొట్టాడు. బెంచీ మీదున్న పొడుగోడికి అప్పటికప్పుడు జెర్సీ ఇప్పించి, డెబ్బై అయిదో నిమిషంలో మైదానంలోకి దించారు. అతనికి ఆడాలన్న మనసే లేదు. ఒకటీ సున్నా. విజిల్ మోగగానే స్టేడియంలో సగం మంది తలలు పట్టుకుని కూర్చుండిపోయారు.

నవ్వుల సారు షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. "బాగా ఆడారు, అభినందనలు" అన్నాడు, ఏదో పెళ్ళిలో అతిథిని పలకరించినట్టు.

గోడకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు కడుపులో దాచుకున్న పగ తీరింది, ఎదుటి మనిషి మొహంలో మాత్రం గీత కూడా పడలేదు. దెబ్బ ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో తెలియకుండా పడిపోతే అదేం పగ? ఇలాగే నవ్వుకుంటూ ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకుంటాడు.

"మీ పదిహేడో నంబరు కోసం పొద్దున తొమ్మిదిన్నర నుంచీ ఎదురుచూస్తున్నాం సార్" అన్నాడు గోడ, ఆయన చెయ్యి వదలకుండా. "మా హోటల్ పార్కింగులో ప్రాక్టీసు కూడా చేశాం."

నవ్వు ఆగిపోయింది. పెదవులు అలాగే ఉన్నాయి కానీ నవ్వు లేదు. ఆ మొహం చూడటానికే కదా ఇన్నేళ్ళు బతికింది అనిపించింది గోడకు. సారు చెయ్యి లాక్కుని మెల్లగా తల తిప్పాడు. డ్రెస్సింగ్ రూంకు వెళ్ళే దారి మొదట్లో బాబాయి వంగి, నేల మీద పడేసిన తువ్వాళ్ళు ఏరుతున్నాడు. సారు అటే చూస్తున్నాడు.

ఆ చూపు ఎక్కడ ఆగిందో గోడ చూశాడు. చూసి కూడా తన సంతోషాన్ని పాడుచేసుకోదలచుకోలేదు. బస్సులో అందరితో కలిసి పాడాడు. ఆ వేళ పళ్ళు నూరకుండా నిద్రపోయాడు.

బుధవారం ఉదయం భార్య ఫోన్‌లో వార్త చదివి అతని ముందు పెట్టింది. జట్టు వివరాలు లోపలినుంచే బయటికి పొక్కాయని, లేకపోతే ఓడేవాళ్ళం కాదని నవ్వుల సారు క్లబ్బు పెద్దలకు చెప్పాడు. పెద్దలు నమ్మారు. తప్పు మేనేజరుది కాదు, ఇంటిదొంగది అన్నారు. సారును ఇంకో రెండేళ్ళు ఉంచారు. బాబాయిని తీసేశారు.

"ఆ నవ్వుల సారు ఉద్యోగం మీరే నిలబెట్టారు" అంది భార్య.

బాబాయి ఇంటికి రెండు గంటలు కారు నడిపాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. మా క్లబ్బుకు వచ్చెయ్ బాబాయ్, అక్కడికంటే బాగా చూసుకుంటాను. పిన్ని తలుపు తీసింది. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు, పక్కకు జరిగింది. వంటింట్లో బల్ల మీద దుప్పటి పరిచి, బాబాయి దిండు గలీబులు ఇస్త్రీ చేస్తున్నాడు. ఇస్త్రీ చేసినవి పక్కన దొంతరగా ఉన్నాయి. ఆ ఇంట్లో అన్ని దిళ్ళు ఉండవు. చేసినవే మళ్ళీ చేస్తున్నాడు.

"ఎవరికి చెప్పావని అడిగారు" అన్నాడు బాబాయి తలెత్తకుండా. "నీ పేరు చెప్పలేదు, భయపడకు."

"ఆయనకు తెలుసు బాబాయ్. నేనే నోరు జారాను. షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు ఆగలేకపోయాను."

బాబాయి ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. "నువ్వా?" అన్నాడు. కాసేపు గోడ మొహంలోకి చూశాడు. "మూడ్రోజులుగా ఒకటే ఆలోచన. ఫోన్లో మాట్లాడుతుంటే బట్టలుతికే ఆవిడ విందేమో అనుకున్నా. పాపం, ఆవిణ్ణి నాలుగు మాటలు కూడా అన్నాను. నువ్వేనని మాత్రం అనుకోలేదురా."

గోడ బల్ల దగ్గరికి జరిగాడు. "మా క్లబ్బులో..." అన్నాడు.

అక్కడ ఆగాడు. ఆగాలనుకోలేదు. ఉదయం తొమ్మిదింటికి తన జట్టు వివరాలున్న కాగితం బాబాయి చేతిలో పెట్టడం కళ్ళ ముందు మెదిలింది. ఆ తర్వాత బాబాయి ఫోన్ మోగడం మెదిలింది. అర క్షణం కూడా పట్టలేదు. వెంటనే తేరుకుని మిగతా మాట పూర్తి చేయబోయాడు.

కానీ ముప్పై ఒక్క ఏళ్ళు మనుషుల మొహాలు చదివినవాడు బాబాయి. ఇంకో గలీబు తీసి బల్ల మీద పరిచాడు, అంచులు చేత్తో సరిచేశాడు.

"వద్దులే నాన్నా" అన్నాడు. "నేను మేనేజర్నైతే నేనూ తీసుకోను."