బీరువా మీది ఇసుక పెట్టె

నేను ఒక ఇసుక పెట్టెను. మూత లేదు, తాళం లేదు, ఇప్పుడైతే ఇసుక కూడా లేదు. సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడి ఉంది. అందులో యూకేజీ గది, ఆ గదిలో ఒక ఇనుప బీరువా, ఆ బీరువా మీద నేను. కింద జరిగేదంతా చూస్తూ పడి ఉండటమే ఇప్పుడు నా ఉద్యోగం. నా కథ వినే తీరిక మీకు ఉంటుందని నేననుకోను. మీ చేతిలో ఫోను ఉంటుంది. అయినా చెబుతాను, కడుపు మంట ఆగక చెబుతాను.

నన్ను చేసినవాడు వడ్ల రాజేశం, మా ఊరి వడ్రంగి. ఎవరింటికో టేకు తలుపులు చేయగా మిగిలిన చెక్కలతో చేశాడు. అదృష్టం బాగుండి ఆ తలుపులోనే కలిసిపోయి ఉంటే పండగ పండగకీ పసుపూ కుంకుమా దక్కేవి. ఆ యోగం లేదు. చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే శ్యామల టీచర్ వచ్చి, ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని చేతులతో గాలిలో కొలిచి చూపించింది.

"ఏం వోస్తవమ్మా ఇండ్ల? పప్పా, ఉప్పా?" అన్నాడు రాజేశం.

"ఇసుక పోస్త. పిల్లలు ఏలుతోని అక్షరాలు రాస్తరు."

"పిల్లలా? అట్లయితే మూలలు గుండ్రంగ గీకియ్యాలె. లేకుంటే చేతులు కోసుకపోతయి."

చెప్పకుండానే నాలుగు మూలలూ నున్నగా గీకాడు. పిల్లల చేతుల గురించి ఆలోచించిన మగవాళ్లలో అతడే మొదటివాడు. ఆ తర్వాత నేను చూసిన వాళ్లంతా పిల్లల మార్కుల గురించే ఆలోచించారు.

శ్యామల టీచర్ నా అడుగున నీలం రంగు వేసింది. మానేరు నుంచి ఇసుక తెప్పించి, కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి నాలో పోసింది. వేలితో గీస్తే ఇసుక పక్కకు జరిగి, కింద నీలం రంగులో అక్షరం కనబడేది. తప్పు రాస్తే టీచర్ కోప్పడేది కాదు. నన్ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపేది.

"తప్పు యాడ వోయింది?" అని అడిగేది.

"ఇసుకల కలిసింది!" అని గదంతా అరిచేది.

అదీ నా గొప్ప. పలక మీద తప్పును తుడవాలి, కాగితం మీద కొట్టేయాలి, కొట్టేసినా అది అక్కడే ఉండి వెక్కిరిస్తుంది. నాలో మాత్రం తప్పుకు ఆనవాలు మిగలదు. ఎన్ని తప్పులు మింగానో లెక్కలేదు. ఒక్కదాన్నీ ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లల్లో మోక్షిత అని ఒకతె ఉండేది. నెలలు నిండకుండా పుట్టింది, వేళ్లలో బలం లేదు. పెన్సిల్ పట్టుకుంటే జారిపోయేది. వాళ్ల నాన్న తిరుపతి సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. తన బిడ్డ ఆ మోతలోకి రాకూడదని, ఇంగ్లీషు బడిలో చదివి ఎక్కడో చల్లని గదిలో కూర్చోవాలని అతని ఆశ. ఒకరోజు బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చి, ఆమె చేతులకు అంటిన ఇసుక చూసి మండిపడ్డాడు.

"ఇసుకల ఆడుకునేతందుకేనా టీచర్ ఫీజు గట్టేది? మా ఇంటి ముంగట లేదా ఇసుక?"

"గట్లనకు తమ్మీ. పాప ఏళ్లల్ల బలం లేదు. ముందుగాల ఏలు నేర్వాలె, అటెన్క మట్టి పిసకాలె, అటెన్క బలపం, ఆఖరికి పెన్సిల్. ఒకటో తరగతికి పోయేసరికి రాపిస్త, నాది జిమ్మ."

బాసరకు తీసుకెళ్లి బియ్యంలో రాయించినప్పుడు ఇదే తండ్రి కళ్లకద్దుకుని ఉంటాడు. అక్కడ బియ్యం కాబట్టి భక్తి. ఇక్కడ ఇసుక కాబట్టి ఫిర్యాదు. మీ మనుషుల లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

దసరా సెలవులకు కొంచెం ముందు మోక్షిత తన పేరులోని మొదటి అక్షరం, 'మో', ఎవరూ చెయ్యి పట్టుకోకుండా నాలో రాసింది. "టీచర్, వచ్చింది!" అని అరిచింది. ఆ ఒక్క పూట శ్యామల టీచర్ నన్ను ఊపలేదు. ఇంటికి వెళ్లేదాకా ఆ అక్షరాన్ని అలాగే ఉంచింది. సెలవుల తర్వాత మట్టి ముద్దలు మొదలుపెడదామంది.

సెలవుల తర్వాత మట్టి రాలేదు. గోడకు పెద్ద తెర, పిల్లల చేతుల్లోకి ట్యాబ్‌లు వచ్చాయి. బడి యజమాని కరుణాకర్ సార్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించాడు.

శ్యామల టీచర్ తెరను చూసి మూతి ముడుచుకుందనుకుంటారేమో. లేదు, సంబరపడింది. తెర మీద పెసర గింజ మొలకెత్తడం చూపించి, పిల్లలతో కాగితం గ్లాసుల్లో పెసలు నాటించింది. తెర మీద అక్షరం పెద్దగా చూపించి, నాలో రాయించింది. ఆ కొన్నాళ్లు నాకూ ఆ తెరకూ బాగానే పొత్తు కుదిరింది. అది చూపించేది, నేను చేయించేది. నిజం చెప్పొద్దూ, అదంటే నాకు కొంచెం ఇష్టం కూడా పుట్టింది.

అంతలో ఒక ట్యాబ్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. దాని రంధ్రంలో ఇసుక రేణువులు దొరికాయి. కరుణాకర్ సార్ గదిలోకి వచ్చి నన్ను బూటుతో పక్కకు నెట్టాడు.

"మేడం, ఇగ ఈ డబ్బ నాకు కనవడొద్దు."

ఇసుక పెరట్లో పారబోశారు. నన్ను బీరువా మీదికి ఎక్కించారు. శ్యామల టీచర్ మట్టి తెస్తానంటే, మట్టి ఇంకా నయమా అన్నాడు సార్. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ ట్యాబ్‌లో ఇసుక బొమ్మ ఉంది. దాని మీద వేలు పెడితే ఇసుకలో గీసినట్టు సుర్రుమని చప్పుడు వస్తుంది. వేలు ఎటు తిప్పినా, పైనుంచి కిందికి లాగినా కింది నుంచి పైకి లాగినా, అక్షరం దానంతట అదే నిండిపోతుంది. వెంటనే ఒక బొమ్మ చిలుక ఎగిరొచ్చి చప్పట్లు కొట్టి "సూపర్" అంటుంది. అక్కడ తప్పు అనేదే లేదు. తప్పు లేకపోతే నేర్చుకునేది ఏముంటుంది?

సాయంత్రం అయ్యేసరికి ఆ సూపర్లన్నీ తల్లిదండ్రుల ఫోన్లకు వెళ్లేవి. తిరుపతి మురిసిపోయాడు. సాంచాల షెడ్డులో అందరికీ చూపించాడట.

"తమ్మీ, పాపకు రాయ వస్తలేదు. పెన్సిల్ పట్టుకునుడే రాలే. నా మాట ఇను, ఇంటికాడనన్న పిండి ముద్ద పిసికియ్యి," అని శ్యామల టీచర్ గుమ్మం దగ్గర ఆపి మరీ చెప్పింది.

"ఫోన్ల అన్ని అక్షరాలు వచ్చినయని పెట్టిండ్రు గద మేడం. మీరే రాలేదంటరేంది?" అన్నాడు అతను. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు. ఫోను అబద్ధం చెబుతుందని అతనికి ఎవరు చెప్పారు?

వేసవి ముందు ఒకటో తరగతి టీచర్ మా గదికి వచ్చింది, ఎవరిని పైకి పంపాలో చూసుకోవడానికి. మోక్షిత ముందు తెల్ల కాగితం, పెన్సిల్ పెట్టి "నీ పేర్ల మొదటి అక్షరం రాయి" అంది. మోక్షిత పెన్సిల్‌ను పక్కన పెట్టింది. చూపుడు వేలు కాగితం మీద ఆనించి, మెల్లగా తిప్పింది. ఆ వేలు తిరిగిన తీరు నేను పైనుంచి చూశాను. అది 'మో'నే. కానీ కాగితం మీద ఏం పడుతుంది? పిల్ల చెయ్యి తీసి, చిలుక కోసం చూసింది. చిలుక రాలేదు. కాగితాన్ని ఇంకా గట్టిగా పొడిచింది. ఒకటో తరగతి టీచర్ నిట్టూర్చి, ఆ పిల్లను మళ్లీ యూకేజీలోనే ఉంచమని చెప్పి వెళ్లిపోయింది.

తిరుపతి వచ్చి నిలదీశాడు. కరుణాకర్ సార్ ఏమాత్రం తడుముకోలేదు.

"ట్యాబ్ల మంచిగనే వచ్చింది తిరుపతీ. టీచరే సరిగ్గ ప్రాక్టీసు చేపియ్యలే."

అతను నమ్మాడు. తనను ఆపి మరీ హెచ్చరించిన ఆ మనిషినే పట్టుకుని, నలుగురిలో, నా బిడ్డ ఏడాది పాడు చేసినవని అరిచాడు. ముందే చెప్పానని అతనికి గుర్తు చేయనందుకు శ్యామల టీచర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. మర్నాడే ఆమెను ఇక రావద్దన్నారు. సంచి సర్దుకుంటూ బీరువా వైపు చూసింది.

"ఆ పెట్టె నేను చేపిచ్చుకున్నది సార్. తీస్కపోత."

"బడిల ఉన్నదంత బడిదే మేడం," అన్నాడాయన.

నాకోసం ఆయన అంత పట్టుపట్టడం చూసి ఆశ్చర్యపోయాను. కారణం తర్వాతి ఏడు వసంత పంచమికి తెలిసింది. కొత్తగా చేరే పిల్లలకు సామూహిక అక్షరాభ్యాసం, అదీ డిజిటల్ అక్షరాభ్యాసం. నన్ను దించి, కడిగి, అంచులకు పసుపు రాసి, నిండా బియ్యం పోశారు. పక్కనే పూలదండ వేసిన ట్యాబ్. పిల్ల వేలు నాలో ముంచి ఒక ఫొటో, ఆ వేలితోనే ట్యాబ్ మీద రాయించి, చిలుక చప్పట్లతో ఒక వీడియో. తలుపునైతే దక్కేది అనుకున్న పసుపు చివరికి నాకూ దక్కింది.

యూకేజీ పిల్లలను పట్టు బట్టల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. మోక్షిత కూడా ఉంది. ఒక కుటుంబం లేచి, ఇంకో కుటుంబం చీరలూ కండువాలూ సర్దుకుంటుండగా ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. బియ్యంలో వేలు పెట్టింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. మెలిక తిప్పింది, కొమ్ము పెట్టింది, ఓత్వం కూడా పెట్టింది. బియ్యం పక్కకు జరిగి, అడుగున నీలం రంగులో 'మో' నిండుగా కనబడింది. సుర్రుమనే చప్పుడు లేదు, చిలుక లేదు. అయినా ఆ పిల్ల ఈసారి ట్యాబ్ వైపు చూడలేదు.

"టీచర్, వచ్చింది," అంది, తల తిప్పి గదంతా వెతుకుతూ.

"జరుగు పాపా, అడ్డమొస్తున్నవ్," అన్నాడు ఫొటోగ్రాఫర్. అని, తర్వాతి పిల్లవాడి కోసం అరచేత్తో బియ్యాన్ని చదును చేశాడు.

తప్పులు కలిపేసుకోవడానికే నన్ను చేశారు. ఆ రోజు ఒక ఒప్పును కలిపేసుకున్నాను. పూజ అయ్యాక బియ్యం వంటకు తీసుకెళ్లి, నన్ను మళ్లీ బీరువా ఎక్కించారు.