గొంగళి కింది హౌసాబాయి

మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కొల్హాపూర్ మంగళవార్ పేటలో దత్తోబా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. గోడమీది ఫోటోలో పసివాడు నిద్రపోయే వేళ అది. మళ్లీ మూడింటికి లేస్తాడు. ఆ పసివాడు దత్తోబాయే. ఇప్పుడాయనకి డెబ్బయ్యెనిమిది.

ఆరు నెలల బిడ్డ కెమెరా ముందు కుదురుగా ఉండడని, ఆనాటి స్టూడియో అతను బిడ్డ తల్లి హౌసాబాయిని కుర్చీలా కూర్చోబెట్టి, తలమీంచి గొంగళి కప్పి, ఒళ్లో బిడ్డని పెట్టి ఫోటో తీశాడు. ఏడాది తిరక్కుండా ఆమె జ్వరంతో పోయింది. ఆమెకున్న ఫోటో అదొక్కటే. గొంగళి కింద ఆమె చేతులు ఇప్పటికీ బిడ్డ వీపుని పట్టుకునే ఉన్నాయి. అందుకే దత్తోబాకి ఏ చలికాలమూ వీపుకి చలి తెలీదు. ఆయనకంటూ ఎవరూ దుప్పటి కొనలేదు.

కూతురు వత్సల ఫోటోలు చూసి మనుషుల బొమ్మలు వేస్తుంది. ఊళ్లో ఎవరెవరి తాతల్నో వేసింది గానీ నానమ్మ దగ్గరే ఓడిపోయింది. నానమ్మ అక్కచెల్లెళ్ల ముక్కూ కళ్లూ అరువు తెచ్చి పదకొండుసార్లు వేసింది. ప్రతిసారీ దత్తోబా, "బాగుంది. ఎవరీవిడ?" అనేవాడు.

"నువ్వు చూశావా ఏంటి మీ అమ్మని?"

"చూళ్లేదు. ఈవిడ మాత్రం కాదు."

ఈ వానాకాలంలో డాక్టరు, ఆయన చూపు దీపావళి దాకా ఉంటే గొప్పే అన్నాడు. వత్సల పట్టు పట్టింది. కుంచె ముట్టకుండా మూడు రోజులు ఆ ఫోటో ముందే కూర్చుంది. మూడోనాడు గొంగళి అంచు కొంచెం కదిలింది, అంతలోనే ఆగిపోయింది. చెమట తుడుచుకుందామన్నా లోపలున్న నానమ్మకి చెయ్యి ఖాళీ లేదు.

పాత ఫోటోల్లో పూలకుండీలు, నగలు గీయడం వత్సలకి కొత్త కాదు. అయినా ముందు తండ్రినడిగింది.

"బాబా, ఫోటోలో పక్కన ఉయ్యాల గీస్తే నానమ్మ నిన్ను దించుతుంది. మరి నీ వీపు?"

దత్తోబా భాకరీ రొట్టె తుంచడం ఆపేశాడు. "ఇన్నేళ్లూ మోసింది పాపం. దించమను."

మర్నాడు ఒంటిగంటలోపు చెక్క ఉయ్యాల పూర్తయింది. మూడింటికి చూస్తే బిడ్డ అందులో నిద్రపోతున్నాడు. గొంగళి మడతపెట్టి ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, ముక్కుమీద చెమటతో, చేతులు రుద్దుకుంటూ సూటిగా చూస్తోంది. దత్తోబా ఫోటో అద్దానికి ముఖం ఆనించి చూశాడు. "చిన్నపిల్లే," అని ఏడ్చాడు.

దీపావళికి వారం ముందే పన్నెండో బొమ్మ ముగిసింది. దత్తోబా దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఎవరీవిడ అని అడగలేదు.

"వత్సలా, కప్పుకోడానికేమైనా ఉందా ఇంట్లో?" అన్నాడు.