చేపల గదిలో పోలమ్మ గొంతు

నేను ఒక మైకును. సభల్లో వేదిక మీద నిలబడి నాయకుల తుంపర్లు భరించే రకాన్ని కాదు. నన్ను కండెన్సర్ మైకు అంటారు. గుప్పెట్లో పట్టేంత నల్లటి గొట్టం, దాని తలకు ఇనుప జాలీ, జాలీ వెనక ఉల్లిపొర కన్నా పలచని రేకు, ఆ రేకు మీద బంగారు పూత. బంగారం అనగానే ఆశపడకండి, అంతా గీకి తీసినా ముక్కుపుడకలో చుక్కకు చాలదు. ఎదుటి మనిషి మాట్లాడితే ఆ పొర వణుకుతుంది. ఆ వణుకే నా బతుకు.

ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో, దుమ్ము చొరబడని గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు నన్ను బిగించారు. పొర మీద తుంపర పడకూడదని ఆ గదిలో మాటలు నిషేధం. వినడానికి పుట్టినదాన్ని ఎవరూ నోరు మెదపని చోట తయారుచేశారు. చివర్లో ఒకామె మాత్రం నన్ను పరీక్షించడానికి తన భాషలో ఏదో ఒక్క మాట అంది. దాని అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

ఓడెక్కి, లారీ ఎక్కి, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక కొట్టు బీరువాలోకి చేరాను. పై అరలో పేరున్నవాళ్ళు, కింది అరలో మాలాంటి చౌకవాళ్ళం. వచ్చిన ప్రతి మనిషీ మైకు చేతికి అందగానే "హలో, చెక్ చెక్" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట తోచేది కాదు. ఇంట్లో గంటలకొద్దీ మాట్లాడుకునే మనుషులకు మైకు ముందు నోరెందుకు ఎండిపోతుందో నాకు అంతుబట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం కుసుమ వచ్చింది. ఒక రక్తపరీక్షల కేంద్రంలో రిసెప్షన్‌లో కూర్చునే పిల్ల. పెళ్ళయినట్టు లేదు, నిద్రపోయినట్టు అంతకన్నా లేదు. పాటలకా, యూట్యూబుకా అని కొట్టతను అడిగితే, మా అమ్మ గొంతుకు అని చెప్పింది.

ఆమె తల్లి మైలపల్లి పోలమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలం వేసే మనిషి. బోట్లు ఒడ్డుకు చేరగానే వంజరాలు, చందువలు గుట్టలు పోసి, ఇంజన్ల చప్పుడు మీంచి, కాకుల గోల మీంచి, కొనేవాళ్ళ అరుపుల మీంచి వినబడేలా ధర పలకాలి. అలా పలికిన గొంతులో ఇప్పుడు పుండు పుట్టింది. స్వరపేటిక మొత్తం తీసేయాలని డాక్టర్లు చెప్పారు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఆపరేషన్ అయిన ఒకాయనను ఆసుపత్రి వరండాలో కుసుమ చూసిందట. ఆయన ఫోను మీద వేలు నొక్కితే ఎవరిదో మరగొంతు "నీళ్ళు కావలెను" అందట. ఆయన భార్య ఆ గొంతుకు ఉలిక్కిపడిందట. మా అమ్మ గొంతు పోకముందే పట్టి దాచుకోవాలి అంది కుసుమ.

కొట్టతను మంచివాడు. తన బేరం చెడగొట్టుకుని మరీ నిజం చెప్పాడు. డైనమిక్ మైకయితే ఎదురుగా ఉన్న నోటిని మాత్రమే వింటుందని, మొరటుదని, కింద పడ్డా బతుకుతుందని అన్నాడు. కండెన్సర్ అయితే పక్కింటి కుక్కర్ విజిల్‌ను కూడా వదలదని, దానికి కరెంటు అందించే పెట్టె ఒకటి కావాలని, అన్నిటికన్నా ముందు నిశ్శబ్దంగా ఉండే గది కావాలని అన్నాడు. జాలరిపేటలో రెండు గదుల ఇల్లు అని విన్నాక, డైనమిక్ తీసుకుపొమ్మని గట్టిగా సలహా ఇచ్చాడు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి రెండింటిలోనూ ఆమె చేతే మాట్లాడించాడు.

నా ముందు ఆమె "హలో" అనలేదు. ఊరికే నిలబడి ఊపిరి పీల్చి వదిలింది.

"ఊపిరి కూడా వినిపిస్తాదాండీ?"

"అదే చెప్తున్నానమ్మా. అన్నీ వినిపిస్తాయి."

"అయితే ఇదే ఇవ్వండి."

పై అర వైపు ఒకసారి చూసి, కళ్ళు దించుకుని, నన్నూ ఆ పెట్టెనూ సంచిలో వేసుకుంది.

ఆ ఇంట్లో నేను విన్న మొదటి సంగతి సముద్రం. తరువాత ఫ్యాను, పక్కింటి టీవీ, గోడ మీద బల్లి. కుసుమ మంచం నిలబెట్టి, దాని మీద బొంతలు, చీరలు కప్పి ఒక గూడు కట్టింది. పోలమ్మ ఆ గూట్లోకి వంగి దూరి, నన్ను ఎగాదిగా చూసింది. ఎత్తయిన మనిషి, వెడల్పాటి చేతులు, మెడకు గుడ్డ. మాట్లాడమనగానే హార్బర్‌లో మాట్లాడినట్టే మాట్లాడింది. నా పొర తట్టుకోలేకపోయింది. శబ్దం మితిమీరిందని పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. హెడ్‌ఫోన్స్ తీసేసి కుసుమ చెవులు మూసుకుంది. మెల్లగా చెప్పమంది. మెల్లగా అనేది ఆ మనిషికి రాదు. గొంతు తగ్గించబోతే మాటే ఆగిపోయింది. ఫోనులో రాసుకొచ్చిన వాక్యాలు కూతురు ఒక్కొక్కటే అందిస్తే, బళ్ళో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు తల్లి అప్పజెప్పింది. కుసుమా తిన్నావా. మందులు తే. తలుపు వెయ్యి. అందులో పోలమ్మ లేదు. ఆ సంగతి నాకు తెలిసింది, కుసుమకూ తెలిసింది.

"మనిషి లేందే మాటెలా వస్తాదే? ఈ గొట్టాంతో నేనేటి మాటాడతాను" అని పోలమ్మ గూట్లోంచి బయటికి వచ్చేసింది. తల్లీకూతుళ్ళు ఆ సాయంత్రం ఎడమొగం పెడమొగంగా గడిపారు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పుండు వాపు పెరిగి ఊపిరిదారి మూసుకుపోతోందని పరీక్షల్లో తేలిందట. ముందు ఇచ్చిన తేదీదాకా ఆగడానికి లేదు, ఈరోజు సాయంత్రమే చేర్చమన్నారు. అంటే మిగిలింది ఒక్క పగలు. సరిగ్గా అప్పుడే పక్క స్థలంలో కాంక్రీటు కలిపే యంత్రం పని మొదలుపెట్టింది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఆ రోజు శ్లాబు పోస్తున్నారు. కుసుమ పరిగెత్తుకెళ్ళి బతిమాలింది. ఇంటాయన పాపం చేతులు జోడించాడు. మధ్యలో ఆపితే పగుళ్ళిస్తుందమ్మా, సాయంత్రానికి అయిపోతుంది అన్నాడు. సాయంత్రం తమకు లేదని చెప్పడానికి కుసుమకు నోరు రాలేదు.

తిరిగొచ్చి గడప మీద కూలబడింది. కాసేపటికి తలెత్తి, సత్తియ్య మావ బోటులో చేపల గది ఉంది కదమ్మా అంది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఒకసారి అందులో దూరింది. మూత పడితే లోకం ఉందో లేదో తెలియలేదట. ఐసు కరగకుండా చుట్టూ మందంగా థర్మాకోల్ దట్టించిన గది అది. వేసవి వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి.

పోలమ్మ ఒప్పుకోలేదు. ఈడేరిన ఆడది బోటెక్కకూడదని వాళ్ళలో ఒక ఆనవాయితీ. ఎన్నో ఏళ్ళుగా బోట్ల చేపలు అమ్మిందే తప్ప, ఏ బోటు మీదా ఆమె కాలు మోపలేదు. కూతురు మాట వినకుండా ఆసుపత్రికి సంచీ సర్దుకోసాగింది. కుసుమే హార్బర్‌లో ఉన్న సత్తియ్యకు ఫోన్ చేసింది. అతను సంగతంతా విన్నాడు. తరువాత ఫోను తల్లికి ఇమ్మన్నాడు.

"అప్పా, నా బోటు చేపలు ఇన్నాళ్ళూ నీ గొంతు మీదే అమ్ముడుపోనాయి. గంగమ్మకి నేను సెప్పుకుంతాను. నువ్వొచ్చీ" అన్నాడు.

మేము వెళ్ళేసరికి అతను ఆ గదిని కడిగి, మూత తెరిచి ఆరబెట్టించాడు. పోలమ్మ బోటెక్కే చెక్క పలక మీద కాలు పెట్టేముందు సముద్రం వైపు తిరిగి దండం పెట్టుకుంది. హార్బరంతా మరమ్మతుల మోతే. సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మిషన్లు, ఇనుము గీకుళ్ళు. ఆ చప్పుడు పోవాలంటే చేపల గది మూత వేయాల్సిందే. మూత వేస్తే గాలి ఉండదు. సగం మూసుకుపోయిన గొంతుతో ఉన్న మనిషిని అందులో కూర్చోబెట్టాలి.

సత్తియ్య మూత మీదే చెయ్యి వేసి నిలబడతానన్నాడు. లోపలి నుంచి ఒక్కసారి తట్టినా తెరుస్తానన్నాడు. తట్టకపోయినా కాసేపటికొకసారి తెరుస్తానని ఒట్టు పెట్టుకున్నాడు.

మూత పడింది. ల్యాప్‌టాప్ వెలుతురులో ఇద్దరి ముఖాలు మాత్రం కనబడుతున్నాయి. నా జన్మలో అంత నిశ్శబ్దం, నన్ను బిగించిన గదిలో తప్ప, ఎరగను. ఆ నిశ్శబ్దంలో ఒక సన్నని ఈల వినిపించింది. పోలమ్మ ఊపిరి అది. ఇంటి దగ్గర సముద్రపు హోరులో, ఫ్యాను గాలిలో అది నాకు అందలేదు. ఇప్పుడు సూది కన్నంలోంచి గాలి దూరినట్టు ప్రతి శ్వాసా నా పొరకు తగులుతోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుసుమ కూడా విన్నది. 

రాసుకొచ్చిన వాక్యాలు తెరిచి, మొదటిది అందించింది. నాకు నీళ్ళు కావాలి.

పోలమ్మ తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు కావాలంతే గ్లాసు సూపిస్తాను. ఆకలేస్తే కంచం సూపిస్తాను. నొప్పొస్తే నా మొకం సూస్తే నీకు తెల్దేటి? ఇయ్యన్నీ దేనికే?"

"మరేటి చెప్తావమ్మా?"

"నువ్వటు తిరిగి ఎల్లిపోతుంతే నేనేటి సూపిస్తాను? ఎనక నించి పిలవాలి కదా. నీ పేరొకటే నాకు కావాల."

కుసుమ వాక్యాలు మూసేసింది.

పోలమ్మ నావైపు చూడలేదు. నా వెనక కూర్చున్న కూతుర్నే చూస్తూ పిలవడం మొదలుపెట్టింది. తెల్లారిందే, లేవవేటి అన్నట్టు ఒకసారి. అన్నం చల్లారిపోతోందని ఒకసారి. ఇంత ఆలస్యమైతే నా ప్రాణం ఏం కావాలి అని ఒకసారి. తప్పు చేశావు, నాకు తెలుసు అని ఒకసారి. జ్వరంలో నుదురు తడిమినట్టు ఒకసారి. మూడక్షరాలు తప్ప మరో మాట లేదు. ఏ పిలుపు దేనికో కుసుమకు చెప్పక్కర్లేకపోయింది. ఒకదానికి నవ్వింది. ఒకదానికి తల దించుకుంది. మెల్లగా మాట్లాడటం రాదనుకున్న మనిషి, నా పొర తాకీ తాకనంత మెల్లగా కూడా పిలిచింది. అందరి ముందూ అరిచే గొంతు వెనక ఇది కూడా ఉండేదన్నమాట.

సత్తియ్య మధ్యలో మూత తెరిచాడు. వెలుతురుతోపాటు సుత్తుల మోత వచ్చి పడింది. పోలమ్మ నోరు పైకెత్తి గాలి పీల్చుకుంది. పెదవుల రంగు చూసి, ఇక చాలు రమ్మన్నాడు. ఇంకొక్కటుంది అని ఆమె వేలు చూపించింది. అతను కుసుమ వైపు చూశాడు. కుసుమ ఒప్పుకోలేక, కాదనలేక కళ్ళు మూసుకుంది. మూత మళ్ళీ పడింది.

ఈసారి ఈల సన్నబడింది. ఒక శ్వాసకూ ఇంకో శ్వాసకూ మధ్య ఎడం పెరుగుతోంది. వినడమే తప్ప అరవడం చేతకాని వస్తువుగా పుట్టినందుకు ఆ క్షణాన నన్ను నేను తిట్టుకున్నాను. మూత తట్టడానికి కుసుమ చెయ్యి లేచింది. పోలమ్మ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది. రెండో చేత్తో నన్ను పక్కకు, వీలైనంత దూరం జరిపి, పెట్టె మీది శబ్దం మీట తగ్గించమని సైగ చేసింది. కుసుమ ఏడుస్తూనే తగ్గించింది.

పోలమ్మ ఉన్న గాలంతా కూడదీసుకుని పిలిచింది. ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు, అలల మీంచి, ఇంజన్ల మీంచి, ఆడుకోవడానికి పారిపోయిన పిల్లకు వినపడేలా.

"కుసుమా..."

ఎర్రదీపం వెలగలేదు. ఆ పిలుపు మొత్తం, చివరి తోకతో సహా, నాలో పడింది. వెనకే దగ్గు పడింది. కుసుమ పిడికిలితో మూత బాదింది. సత్తియ్య ఇద్దర్నీ పైకి లాగాడు. నేను కింద చీకట్లో, పోలమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న మెడగుడ్డ మీది రక్తపు చుక్కల పక్కన పడి ఉన్నాను. పైన ఎవరో ఆటో కోసం పరిగెత్తుతున్నారు.

ఆ తరువాతి కథ నేను చూసింది కాదు. వానాకాలం దాటాక, పూర్ణామార్కెట్ దగ్గర ఒక రిపేరు కొట్టులో కుసుమ చెబుతుంటే విన్నది. ఆ రోజు దారిలోనే ఊపిరి అందక, ఆసుపత్రి గుమ్మంలో దిగీదిగకముందే మెడకు రంధ్రం చేశారట. సత్తియ్య వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదట. ఆపరేషన్ బాగానే జరిగింది. పోలమ్మ బతికింది. ఇప్పుడు హార్బర్‌లో తూకం దగ్గర కూర్చుంటోంది, వేలం ఇంకొకామె వేస్తోంది. ఆమె తప్పు ధర పలికితే పోలమ్మ గరిటె పెట్టి బకెట్ మీద కొడుతోందట.

నా సంగతి అంత బాగాలేదు. చేపల గది చెమ్మ, సముద్రపు ఉప్పు నా పొరకెక్కాయి. కరెంటు ఇవ్వగానే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతున్నాను. రిపేరు చేసే పెద్దాయన నన్ను విప్పి, భూతద్దంలో చూసి, పొర పాడైందని, కొత్తది కొనుక్కోవడమే నయమని అన్నాడు. కుసుమ తల ఊపింది కానీ నన్ను బల్ల మీంచి తీయలేదు. ఈ మైకుతో అంత పనేముందమ్మా అని ఆయన అడిగినందుకే ఆమె ఈ కథంతా చెప్పింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అంతలో ఆమె ఫోను మోగింది. ఎత్తి, స్పీకర్ నొక్కి బల్ల మీద, నా పక్కన పెట్టింది. అవతల పోలమ్మ కాబోలు, ఆ రోజు పట్టిన పిలుపులు ఎక్కించిన రెండో ఫోనును తన ఫోనుకు ఆనించి మీట నొక్కింది. నా చిటపటల మధ్యలోంచి ఆ పిలుపు వచ్చింది. ఇంత ఆలస్యమైతే నా ప్రాణం ఏం కావాలి అని పిలిచిన పిలుపు.

"కుసుమా."

నన్ను తిరిగి బిగిస్తున్న పెద్దాయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"రిపేరు కొట్లో ఉన్నానమ్మా. వస్తన్నాను" అంది కుసుమ, పర్సు వెతుక్కుంటూ.

అవతల ఒక్క క్షణం గాలి చప్పుడు. మళ్ళీ అదే పిలుపు.

"కుసుమా."

"అబ్బా, వస్తన్నానని సెప్తున్నాను కదే" అని విసుక్కుంటూ ఆమె ఫోను కట్టేసింది. నన్ను సంచిలో పడేసుకుని, గబగబా మెట్లు దిగి బస్సు కోసం పరిగెత్తింది.