కుళాయి చప్పుడు

గువ్వ వంటింట్లో అడుగుపెట్టిందంటే ఆకలితో నకనకలాడుతోందని అర్థం. అలాంటి పిల్ల తన పుస్తకాన్ని టీపొడి డబ్బా పక్కన ఎందుకు మరిచిపోయిందా అనుకుంటూ వాళ్లమ్మ అట్ట తిప్పింది. గువ్వ ఈడు పిల్లలకు నవలలు రాసే ఒకావిడ అందులో తన సొంత కథే చెప్పుకుంది. పదహారో ఏట ఆవిడకి బతకాలనిపించలేదట.

"పదహారేళ్లకే అంత విరక్తేమిటమ్మా, ఇంకా పెళ్లయినా కాలేదు" అని నవ్వుకుని, బీన్స్ తుంచుతూ చదవసాగింది.

నాలుగు పేజీలకే చేతులు ఆగిపోయాయి.

'ఏడుపు బయటికి వినపడకుండా కుళాయి తిప్పేదాన్ని. నీళ్లన్నీ పారబోస్తున్నావని అమ్మ అరిచేది. హమ్మయ్య, అమ్మకి నీళ్లే వినపడ్డాయి అనుకునేదాన్ని.'

స్నానాల గదిలో కుళాయి పారుతోంది.

ఎప్పటినుంచి? పుస్తకం తెరవకముందు నుంచే. నిన్నా పారింది. మొన్నా పారింది. "ఏనుక్కి స్నానం చేయిస్తున్నావేమిటే?" అని అరిచింది తనే. ఆ చమత్కారానికి తనే మురిసిపోయి మొగుడికి కూడా వినిపించింది.

తలుపు వెనక ఆ రచయిత్రి ఇంకేం చేసిందో చదవడానికి ధైర్యం చాల్లేదు. పుస్తకం పట్టుకునే పరుగెత్తింది. అలవాటుకొద్దీ ఏనుగు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"గువ్వా!"

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పలకవే తల్లీ!" తలుపు దబదబా బాదింది.

"నీళ్లు కూడా వాడుకోకూడదా అమ్మా?" గొంతు బొంగురుగా ఉంది.

పోయిన ప్రాణం సగమే తిరిగొచ్చింది.

"వాడుకో. ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యి. నేనిక్కడే కూర్చుంటా."



"పుస్తకం చూశావా?"

"టీపొడి పక్కన పెడితే చూడకుండా ఉంటానా?"

"ఎందాకా చదివావ్?"

"కుళాయి దాకా."

కుళాయి ఆగింది. ఇన్నాళ్లూ నీళ్ల కింద దాక్కున్న వెక్కిళ్లు అప్పుడు వినపడ్డాయి. గువ్వ గడియ తీసింది. తడినేల మీద కూలబడి ఉన్న పిల్లని, చీర తడుస్తున్నా చూసుకోకుండా, వాళ్లమ్మ ఒళ్లోకి లాక్కుంది.

"తరవాతేమవుతుందే అందులో?"

"వాళ్లమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది."

"అయితే లే. చెప్పులేసుకో."