నంబరు మారిన ట్రాము

నేను ఒక ట్రాము బండిని. మదరాసులో రోడ్డు మధ్య పట్టాల మీద, నెత్తిన కరెంటు తీగను పట్టుకుని తిరిగినదాన్ని. బతుకు మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్న సరుకు ఇది: బర్మా టేకుతో కట్టిన ఒళ్ళు, ఇనుప చక్రాలు, కడుపు కింద మోటారు, నెత్తి మీద తీగను అందుకునే పొడుగాటి గడ, డ్రైవరు కాలితో తొక్కితే మోగే గంట. నాకు రెండు వైపులా ముఖాలే, వీపు లేదు. అంత పెట్టుబడితో వీధిలోకి దిగేవాళ్ళు తక్కువ.

చేసిన వ్యాపారం సులువైనదే. మనిషిని ఒకచోట ఎక్కించుకోవాలి, ఇంకోచోట దించాలి. అందులో నాకు అర్థమైంది ఒకటే. తాను ఎందుకు పోతున్నాడో మనిషికి తెలియకపోయినా పరవాలేదు గాని, వెనక్కి తిరిగి కూర్చోవడం మాత్రం సహించడు. నా బల్లలకు వీపు ఆనించే చెక్కలు అటూ ఇటూ తిరిగేవి. లైను చివర కండక్టరు దిగి, తాడు పట్టుకుని గడను రెండో వైపుకు తిప్పేవాడు. ఆలోగా కొత్తగా ఎక్కినవాళ్ళు టపటపా చెక్కలు తిప్పుకుని కూర్చునేవాళ్ళు. అంతదాకా వెనుక అన్నదాన్నే అప్పటినుంచి ముందు అనేవాళ్ళు. ఈ మార్పు ఎవరినీ ఆలోచనలో పడేసినట్టు నేను చూడలేదు.

తరవాత బస్సులు పెరిగాయి. ఒకనాడు ట్రాములు ఆగిపోయాయి. పాత ఇనుము వ్యాపారి ఆళ్వారు శెట్టి నన్ను చూడడానికి వచ్చి ముఖం వంక చూడలేదు. వంగి చక్రాలు చూశాడు. చక్రాలు, మోటారు, గంట, ఇత్తడి పలకలు ఒక పక్కకు పోయాయి. ఒళ్ళు ఇంకో పక్కకు పోయింది. నేను నొచ్చుకోలేదు. ఆయన చోట నేనున్నా చక్రాలే ముందు చూసేదాన్ని.

ఒళ్ళు లారీ ఎక్కి నాయుడుపేట దగ్గర రోడ్డు పక్కన దిగింది. ఒకామె నన్ను కొని ఇడ్లీ హోటలు పెట్టింది. ఆమె తరవాత కోడలు పెంచలమ్మ నడిపింది. ప్లేట్లు అందించడానికి పెంచలమ్మ మొగుడు నా పక్కటెముకలు కోసి కిటికీ చేశాడు. లోపల సరుగుడు కట్టెల పొయ్యి. పొగ, నూనె, ఆవిరి ఏళ్ళ తరబడి పట్టి నేను లోపలా బయటా నల్లగా అయ్యాను. మదరాసులో మనుషుల కోసం నేను తిరిగాను, ఇక్కడ మనుషులే నా దగ్గరికి వచ్చారు. చక్రాలు లేని వ్యాపారానికి ఈ సుఖం ఉంది.

రోడ్డు వెడల్పు చేస్తామని మనుషులు వచ్చి గుర్తులు పెట్టినప్పుడు పెంచలమ్మ కూర్చుని ఏడవలేదు. నన్ను కొనేవాళ్ళు ఎవరున్నారా అని వెతికింది. అప్పుడు తగిలారు నెల్లూరు ఆదివారం మనుషులు.

ఆ పేరు నేను పెట్టుకున్నదే. వాళ్ళంతా జీతం లేకుండా ఆదివారాలు మాత్రం పనిచేసేవాళ్ళు. రిటైరైన బ్యాంకు మేనేజరు శ్రీహరిరెడ్డి వాళ్ళకు పెద్ద. లేతు మిషన్ల షాపు ఖాదర్‌వలీ చేతిపని చూస్తాడు. పళ్ళ డాక్టరు సుగుణ, పళ్ళు గీకే పనిముట్లతోనే పాత రంగులు గీకుతుంది. ఊరి చివర మూతపడ్డ రైసు మిల్లులో వీళ్ళు ట్రాముల మ్యూజియం పెట్టారు. వడ్లు ఆరబోసే గచ్చు పక్కగా పట్టాలు పరిచి, పైన తీగ కట్టారు. ఎవరూ అడగని పనిని ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళను నేను వ్యాపారంలో ఎన్నడూ చూడలేదు.

శ్రీహరిరెడ్డి పెంచలమ్మకు మాటిచ్చాడు. "బండి మాకియ్యమ్మా. దాన్నే నడుపుతాం. అది తిరిగే రోజునుంచి మిల్లు గేటు దగ్గర హోటలు నీదే."

ఆ మాట మీద నేను నెల్లూరు చేరాను. షెడ్డులో అప్పటికే ఇంకో ట్రాము ఉంది. ఎనభై నాలుగో నంబరుది. కావలి దగ్గర ఒక తోట బంగళాలో పిల్లలు ఆడుకునే గదిగా బతికింది. ఏటేటా రంగులు వేయించుకుంది. నంబరు పలక, ఇత్తడి దీపాలు, తిరిగే బల్లలు అన్నీ ఉన్నాయి. దాన్ని ఇచ్చిన చంద్రమౌళికి కూడా శ్రీహరిరెడ్డి అదే మాట ఇచ్చాడని నాకు అక్కడే తెలిసింది. ఆ గేటు దగ్గర చోటే, చంద్రమౌళి అల్లుడి బేకరీకి. చెడు ఉద్దేశం ఏమీ లేదు. రెండు బండ్లూ నడుస్తాయనీ, గేటు పెద్దదనీ అనుకున్నాడు. తీరా చూస్తే చక్రాలు, మోటారు ఒక్క బండికి సరిపడానే దొరికాయి. ఒకటి నడవాలి, రెండోది దానికి చెక్కలు ఇవ్వాలి.

ఆదివారం మనుషులకు ఒక నియమం ఉంది. అసలు కొయ్యకు చిన్న గాయం కూడా చేయకూడదు. ఎనభై నాలుగు మీద ఆ నియమం తప్పకుండా పాటించారు. సుగుణ నెలల తరబడి రంగు పొరలు ఒక్కొక్కటే గీకింది గాని, కొయ్యకు మొన తగలనివ్వలేదు. నా దగ్గర ఆ మర్యాద అవసరం లేకపోయింది. ఖాదర్‌వలీ స్క్రూడ్రైవరుతో అడుగు దూలాన్ని నాలుగు చోట్ల పొడిచాడు. మొన దిగలేదు.

"గట్టి కొయ్య సార్, ఆ బండికి మాసికెలకు పనికొస్తది" అన్నాడు.

సుగుణ మాత్రం నా ముఖం మీద పొగ తుడిచి, కింద వెలిసిపోయిన అంకెలు బయటికి తీసింది. అరవై ఒకటి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏది నడవాలో చేతులెత్తమంటే అందరూ ఎనభై నాలుగుకే ఎత్తారు. పేపరులో కూడా ఆ నంబరే వచ్చింది.

మరుసటి ఆదివారం పెంచలమ్మ వచ్చింది.

"ఏంది సామీ ఇది? నా బండినే నడుపుతామని గదా తెచ్చుకున్యారు? ఇప్పుడు చెక్కలు పీక్కుంటామంటుండారే!"

"కోప్పడబాక పెంచలమ్మా. నీ బండిని చూడు, ఎట్టుండాదో" అన్నాడు శ్రీహరిరెడ్డి.

"పెనం మాదిరి ఉండాది" అని ఖాదర్‌వలీ నవ్వాడు.

"పెనం నల్లగుంటేనే భాయ్ దోసె లేచేది. తెల్లగుంటే గోడకు తగిలించుకోవాల. ఉన్న హోటలు రోడ్డులో పోయె. మీ మాట నమ్మి వచ్చినా. నా పొయ్యి యాడ పెట్టుకోమంటారు, మీ నెత్తినా?"

ఆమె వెళ్ళిపోకుండా గచ్చు మీద కూర్చుంది. చక్రాలు బిగించే రోజు అదే. చంద్రమౌళి అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనభై నాలుగు కింద జాకీలు పెట్టి లేపారు. రెండు చివర్లూ లేచాయి, నడుము లేవలేదు. కిర్రుమని సాగి, అడుగు దూలం మధ్యకు విరిగి, లోపలి నుంచి రవ్వ పోసినట్టు పొడి రాలింది. ఏటేటా వేసిన రంగు మాత్రం పగలకుండా వేలాడింది. రంగు కింద చెదలు ఎన్నేళ్ళుగా భోంచేస్తున్నాయో. నా జోలికి అవి రాలేదు. పొగ, నూనె వాటికి గిట్టవు.

"డాక్టరమ్మా, ఇన్ని నెల్లు గీకితివే, ఒక్కసారన్నా గుచ్చి చూడలేదా?" అన్నాడు ఖాదర్‌వలీ.

"గాయం చేయకూడదని మీరే గదా రూలు పెట్టింది! పళ్ళయితే ముందు గుచ్చే చూస్తాను నేను" అంది సుగుణ. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

ఇక మిగిలింది నేను. దాని దీపాలు, బల్లలు నాకు బిగించి, నన్నే చక్రాలెక్కించాలని తేలింది. కాని చంద్రమౌళి ఒప్పుకోలేదు.

"మా తాత తెచ్చిన బండి. పేపర్లో వేశారు, చుట్టాలందరికీ చెప్పుకున్నాం. నంబరు పలక మాది, సామాను మాది. పలక ఏదైతే బండి అదేనని మీ రూల్సులోనే ఉంది. గేటు దగ్గర చోటు మా అల్లుడిదే."

రూల్సులో నిజంగానే అట్లా ఉంది. పెంచలమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"అయ్యా, మీ అల్లుడు ఆదివారం చీకటితో ఊరి చివరికొచ్చి పిండి రుబ్బుకోని పొయ్యి రాజేస్తాడా?"

చంద్రమౌళి అల్లుడి వంక చూశాడు. అల్లుడు గేటు వంక చూశాడు.

"మీకు కావాల్సింది పేరు. తీసుకోండి. మీ పలకే బిగించండి, మీ తాత పేరు బోర్డు మీద రాయించండి. నేను నోరెత్తను. నంబరు మీకు, పొయ్యి నాకు."

"అట్లా ఎట్లా? ఇది అరవై ఒకటి. నేనే గదా బయటికి తీసింది! అబద్ధం కాదా?" అంది సుగుణ.

"నంబరు మారడం మేలో, చెక్కలై పోవడం మేలో దాన్నే అడగండి డాక్టరమ్మా."

ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే, ఆమె అంత బాగా బేరం చేయలేకపోయేదాన్నేమో. చంద్రమౌళి సరేనన్నాడు. పెంచలమ్మ మొగుడు కోసిన కిటికీని ఖాదర్‌వలీ ఎనభై నాలుగో బండిలో చెదలు తాకని చెక్కలతోనే మూశాడు. సుగుణ నా ముఖం మీది పాత అంకెలను ఫోటో తీసుకుని, రంగు వేసేటప్పుడు ఆ పని ఇంకొకరికి అప్పగించి బయట నిలబడింది.

ఇప్పుడు ఆదివారాలు నేను మిల్లు గేటు నుంచి గచ్చు చివరిదాకా పోయి వస్తాను. జనం పలక చూసి ఎనభై నాలుగు అంటారు, బోర్డు చదివి ఆ తాతగారిని మెచ్చుకుంటారు. చివరికి చేరగానే టపటపా చెక్కలు తిప్పుకుంటారు. దిగాక పెంచలమ్మ దగ్గర ఇడ్లీలు తింటారు. ఆమె అమ్మకం బాగుంది, పక్కన ఇంకో పొయ్యి కూడా వేసింది.

ఇక నా లెక్క. ఎనభై నాలుగో నంబరు బండి ఒళ్ళు పోగొట్టుకుని పేరు దక్కించుకుంది, నేను పేరు పోగొట్టుకుని ఒళ్ళు దక్కించుకున్నాను. పలకను అందరూ చదువుతారు, పట్టాల మీద బరువు మాత్రం నాది. అన్నీ పోగా నాకు మిగిలిన లాభం కదలడం. ఈ బేరం మళ్ళీ వచ్చినా ఒప్పుకుంటాను.