దెబోరా కేసు

ఉతికి ఆరేసిన పొత్తిగుడ్డలు మడతపెడుతున్నాను. వంటింట్లో అత్తయ్య గిన్నెలు తోముతోంది. ముందుగదిలో మామయ్యా, మా ఆయనా ఇంగ్లీషు పేర్ల పుస్తకం ముందేసుకుని నేను కన్న పిల్లకి పేరు వెతుకుతున్నారు. సాయంత్రంలోగా ఆసుపత్రిలో ఫారం ఇచ్చేయాలి. కని ఇరవై రోజులైంది. ఏం పేరు పెడదామని నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"లేయా అంటే హీబ్రూలో అలసిపోయినది అని రాశాడు నాన్నా."

"మనింట్లో ఆడవాళ్లకి అలసటేంట్రా? హన్నా బావుంది. కృప అని అర్థం. అణకువగా ఉంటుంది."

చేతిలో గుడ్డని కాస్త గట్టిగానే దులిపాను.

"ఇదిగో, దెబోరా. ఇంగ్లీషులో డెబొరా. హీబ్రూలో తేనెటీగ అట. బైబిల్లో న్యాయాధిపతి కదా, ఖర్జూరచెట్టు కింద కూర్చుంటే జనం తగవులు పట్టుకొచ్చేవాళ్లట."

"వద్దురా బాబూ, కుడుతుంది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. పదకొండేళ్లుగా నేను కోర్టులో స్టెనోని. జడ్జిగారు చెబుతుంటే తీర్పులు రాసుకుని టైపు చేస్తాను. ఏ ఇల్లు ఎవరిదో, ఏ బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో అన్నీ నా వేళ్ల మీదుగా వెళ్లినవే. ఇంటికొస్తే ఏ కూర వండాలో కూడా అడిగి వండుతాను. "టైపు కొట్టుకునేదానివి, నీకేం తెలుసు?" అని మా ఆయన ఎన్నిసార్లన్నాడో! పోనీలే అనుకోవడం నాకు అలవాటైపోయింది. నా కూతురికి ఆ అలవాటు రాకూడదు. చెట్టు కింద దర్జాగా కూర్చుని ఊరందరి తగవులూ విని తీర్పు చెప్పిన ఆడమనిషి పేరు దొరికాక ఇంకో పేరెందుకు? సంతోషంతో నాకు నవ్వాగలేదు.

పిల్లని ఎత్తుకుని ముందుగదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"ఇరుపక్షాల వాదనలూ విన్నాం," అన్నాను. వేలసార్లు టైపు చేసిన మాట, నోటితో అనడం ఇదే మొదలు. "కన్నతల్లిని అడగకుండా జరిపిన విచారణ చెల్లదు. కుడుతుందన్న అభ్యంతరం కొట్టివేయడమైనది. పిల్ల పేరు దెబోరా."

పుస్తకం పక్కనున్న ఫారం లాక్కుని పెన్నుతో రాసేశాను.

మా ఆయన వంగి ఫారం మీద పేరు చూశాడు. "మరి అప్పీలు?"

"తొమ్మిది నెలలు మోసొచ్చి వేసుకోండి."

మామయ్య పుస్తకం మూసేశారు. ఏదో అనబోయారు గానీ, ఈలోపు అత్తయ్య తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. మామయ్య పక్కనున్న కుర్చీ లాగి, నాకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అమ్మాయ్, నాదీ ఒక కేసుంది. నలభై ఏళ్లుగా పెండింగు. వింటావా?"